నాలుగో నంబరు డ్రయ్యరు

"తారీఖు వెయ్యకండి మేడమ్. సంతకం ఒక్కటి పెట్టండి చాలు," అన్నాడు గుమాస్తా.

సూపరమ్మ అప్పటికే తారీఖు గడిలో పెన్ను ఆనించింది. గబుక్కున తీసేసింది. ఎందుకు వెయ్యకూడదో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది గానీ అడగలేదు. పెట్టమన్న చోట సంతకం పెట్టడం, వద్దన్న చోట మానెయ్యడం రెండేళ్ళుగా ఆమెకి అలవాటైపోయిన పని. అయినా ఒక హాజరు కాగితం కోసం ఆఫీసు గుమాస్తా పనిగట్టుకుని బస్సెక్కి ఈ శిక్షణ కేంద్రానికి రావడం ఏమిటో ఆమెకి అంతుపట్టలేదు. ఆయన ఆ కాగితాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నంత జాగ్రత్తగా సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువాళ్ళు లారీల కొద్దీ వచ్చి ఉతికించుకుని పోయే లాండ్రీ ఫ్యాక్టరీలో, మడతలు పెట్టే బల్ల దగ్గర పదకొండేళ్ళు నిలబడి, ఒకరోజు పొద్దున్నే సూపర్‌వైజరైపోయింది. బల్ల దగ్గరి ఆడవాళ్ళు సగం ముద్దుగా, సగం కుళ్ళుగా సూపరమ్మ అన్నారు. ఇంకేం, ఆ పేరే అతుక్కుపోయింది. ఇంట్లో మొగుడు కూడా అలాగే పిలుస్తాడు, కాకపోతే కాస్త సాగదీసి.

శిక్షణ కేంద్రమంటే రంగుల దుకాణం మీది మేడగది. కిటికీ తీస్తే రంగుల వాసన, మూస్తే ఉక్కపోత. గోడకి ఒక చెక్క పలక బిగించి, దానిమీద స్విచ్చులూ, మీటర్లూ, ఎర్ర బల్బులూ వరసగా అమర్చారు. వచ్చినవాళ్ళు అయిదుగురు. అందరూ సూపర్‌వైజర్లే, ఒక్కరికీ కరెంటు సంగతి తెలియదు. అందులో కాంటీను చూసుకునే ఆయన సూపరమ్మ ఫ్యాక్టరీ మనిషే. అందరూ కాంటీనన్న అంటారు. ఆయన రాగానే ఫ్యాను కింద కుర్చీ వెతుక్కుని, కళ్ళు మూసుకోవడానికి వీలుగా సర్దుకున్నాడు.

మాస్టారు బక్కపలచని మనిషి. కరెంటు స్తంభాలెక్కుతూ మొదలుపెట్టి, నలభై ఏళ్ళు ఆ పనిలోనే ఉండి రిటైరయ్యాడు.

"నా ఎడమ చెవి పనిచెయ్యదు. ప్రశ్నలు కుడివైపు నుంచి వెయ్యండి. తిట్లయితే ఎడమవైపు నుంచి," అన్నాడు రాగానే. అందరూ నవ్వారు. "కరెంటు గురించి తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"మంచిది. సగం తెలిసినవాళ్ళకంటే మీరే నయం. మిమ్మల్ని ఎలక్ట్రీషియన్లని చెయ్యడానికి రాలేదు నేను. మీరు స్క్రూడ్రైవరు పట్టుకోనక్కర్లేదు. పట్టుకున్నవాడు సాయంత్రం ఇంటికి చేరే బాధ్యత మీది, అంతే."

ఆ మాటకి సూపరమ్మ పుస్తకంలో తల దించుకుంది. స్క్రూడ్రైవరు పట్టుకున్న ఒక మనిషి సరిగ్గా మూడు వారాల కిందట ఆసుపత్రికి వెళ్ళాడు.

ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. ముప్ఫయ్యేళ్ళ పనితనం. మోటారు చప్పుడు విని బేరింగు ఎన్నాళ్ళలో పోతుందో చెప్పే మనిషి. నాలుగో నంబరు డ్రయ్యరు వేడెక్కడం లేదంటే, మెయిన్ స్విచ్చు ఆపి, దానికి ముట్టుకోవద్దనే బోర్డు తగిలించి, డ్రయ్యరు కరెంటు పెట్టె తలుపు తీసి లోపల చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి రాలేదు. ఎవరో కర్రతో కొట్టి విడిపించారు. కుడి అరచెయ్యి, రెండు వేళ్ళు కాలిపోయాయి. కరెంటు ఉందో లేదో చూసుకోకుండా చెయ్యి పెట్టడం అజాగ్రత్త అని ఆఫీసు తేల్చి, ఆయన్ని పనిలోంచి పక్కన పెట్టింది. సోమవారం ప్రభుత్వం నుంచి తనిఖీ అధికారి వస్తున్నారు, ఆ అధికారి ముందు బాబాయ్ తప్పు ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆలోగా సూపరమ్మని శిక్షణకి పంపారు.

మాస్టారు ఒక పుస్తకం పైకెత్తి చూపించాడు. "ఇదేంటో తెలుసుగా? పర్మిట్ పుస్తకం. కరెంటు పనికి ముందు మీరిచ్చే అనుమతి. ఏ యంత్రం, ఎక్కడెక్కడ కరెంటు ఆపారు, ఎవరు చూశారు, అన్నీ నింపాక, చివర్లో మీ సంతకం. ముందే సంతకం పెట్టేసి తర్వాత నింపించుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?"

ముందు కాంటీనన్న కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత అందరూ నవ్వేశారు, దొంగ పిల్లలు దొరికిపోయినట్టు. సూపరమ్మ కూడా నవ్వింది. ప్రతి సోమవారం పొద్దున్న బాబాయ్ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. పది కాగితాలు. ఖాళీవి. "మీకెందుకమ్మా ఈ తలనొప్పి, నేను చూసుకుంటాగా," అనేవాడు. ఎంత మంచివాడో అనుకుని, టీ తాగుతూ పదింటి మీదా సంతకాలు గిలికేసేది.

*

"ఏంటి సూపరమ్మా, ఇవాళ ఏం నేర్పారు? బల్బు ఎలా వెలుగుతుందో చెప్పారా?" అన్నాడు మొగుడు ఆ సాయంత్రం, కుట్టు మిషను ఆపకుండానే. ఆయన టైలరు. ముందు గదిలో సగం ఆయనదే, మిగతా సగం జాకెట్లది.

"ఎలా ఆరుతుందో చెప్పారు."

"అది మన ఇంట్లో రోజూ చూస్తున్నదేగా."

ఆమె నవ్వలేదు. "హాజరు కాగితం మీద తారీఖు వెయ్యొద్దన్నారండీ."

మిషను ఆగింది. "ఎందుకు?"

"ఏమో."

"ఏమో ఏంటే? ముందు రోజుల తారీఖు వేసుకుంటారు కాబోలు. నువ్వు ఎప్పుడో నేర్చేసుకున్నట్టు చూపిస్తారు. మనకేం పోయింది, మేనేజరు పర్మనెంటు చేస్తానన్నాడుగా. నోరు మూసుకుని పాసవ్వు." మళ్ళీ మిషను తొక్కాడు. ఒక కుట్టు వేసి, తల ఎత్తకుండా అన్నాడు. "పాపం, ఆ బాబాయ్ సంగతేం చేశారు?"

ఆమె గిన్నెలు కడగడానికి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు మాస్టారు చెక్క పలక ముందు నిలబడి ఒక పెట్టె మీద చెయ్యి వేశాడు. "దీనికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది? మేడమ్, మీరు చెప్పండి."

సూపరమ్మ లేచింది. తీగ వెంట వేలు పోనిచ్చింది. "ఈ స్విచ్చు నుంచి, మాస్టారూ."

"ఆపండి దాన్ని."

ఆపింది. పెట్టె మీది ఎర్ర బల్బు ఆరిపోయింది. ఆయన టెస్టరు ఆమె చేతికిచ్చి, పైవరసలో మూడు చోట్ల పెట్టించాడు. వెలగలేదు.

"కరెంటుందా?"

"లేదు."

"చెయ్యి పెడతారా?"

"పెడతాను."

"పెట్టేముందు ఆ కింద మూల ఇంకొక్కసారి పెట్టి చూడండి, నా మాట విని."

పెట్టింది. టెస్టరు కణకణ వెలిగింది. సూపరమ్మ ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేసింది. నలుగురూ గొల్లున నవ్వారు. మాస్టారు పలక వెనక్కి వెళ్ళి, పక్క బోర్డు నుంచి దొంగదారిన వచ్చిన ఒక సన్నటి తీగ పట్టుకుని చూపించాడు.

"ఒక పెట్టెకి ఒకే దారి అని ఎవరు చెప్పారు? తర్వాతెప్పుడో ఎవడో వస్తాడు, ఒక ఫ్యాను పెడతాడు, దగ్గర్లో ఏ బోర్డు ఖాళీగా ఉంటే అందులోంచి తీగ లాగుతాడు. ఫ్యాను తిరుగుతుంది, అందరూ సంతోషిస్తారు. మెయిన్ ఆపినా ఆ మూల మాత్రం కరెంటు ఉంటుంది. పనిచేసేవాడికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? తీగ లాగినప్పుడు దగ్గరున్న సూపర్‌వైజరు చెప్పాలి. బొమ్మ మీద గియ్యాలి. పుస్తకంలో రాయాలి. లేకపోతే ఎంత పనివాడైనా సరే, ఆ చెయ్యి..."

తర్వాత ఆయన ఏం చెప్పాడో సూపరమ్మకి వినపడలేదు. కళ్ళ ముందు డ్రయ్యరు గది నిలబడింది. రెండు నెలల కిందట, ఆవిరి బయటికి పోవడం లేదని నాలుగో నంబరుకి కొత్త ఫ్యాను పెట్టారు. బయటి కాంట్రాక్టరు మనుషులు ఇద్దరు వచ్చారు. ఇస్త్రీ గది బోర్డు నుంచి తీగ లాగుతుంటే నిచ్చెన కదలకుండా పట్టుకున్నది తనే. ఫ్యాను గిర్రున తిరగ్గానే చప్పట్లు కొట్టింది కూడా తనే. "పని పూర్తయింది, బాగుంది" అని రాసి సంతకం పెట్టింది. ఆ వారమంతా బాబాయ్ జ్వరంతో సెలవులో ఉన్నాడు. తిరిగొచ్చాక, "ఫ్యాను పెట్టించారే, బాగుందమ్మా," అన్నాడు. "బాగుంది కదా," అంది. అంతే. తీగ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయన అడగలేదు, తను చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అని తెలిస్తే కదా.

"మేడమ్, కూర్చోండి," అన్నాడు మాస్టారు. ఆమె ఇంకా టెస్టరు పట్టుకుని నిలబడే ఉంది.

*

క్లాసు అవగానే నేరుగా బాబాయ్ ఇంటికి వెళ్ళింది. దారి పొడుగునా ఒకటే మాట మనసులో అనుకుంటూ నడిచింది: "బాబాయ్, తప్పు నాది." మూడు మాటలు. ఎంతసేపు పడతాయి?

తలుపు తీసింది ఆయన భార్య. పిన్నికి నోరు పెద్దది, మనసు దానికి తగ్గట్టే పెద్దదని ఫ్యాక్టరీలో పేరు. ఈమధ్య నోరొక్కటే కనిపిస్తోంది.

"రావే రా. చూడు మీ బాబాయ్‌ని. ముప్ఫయ్యేళ్ళు కరెంటు పని చేశాడట! స్విచ్చు ఆపి, టెస్టరు పెట్టి చూసుకోవాలని చిన్న పిల్లాడికి కూడా తెలుసు. ఈయనకి తెలీలేదు. పరధ్యానం! ఎక్కడ ఆలోచిస్తున్నాడో ఏమో!"

బాబాయ్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతిదాకా కట్టు. ఎడమచేత్తో చొక్కా గుండీ పెట్టుకోవాలని చూస్తున్నాడు. అది జారిపోతోంది. మళ్ళీ పట్టుకుంటున్నాడు. పిన్ని విసురుగా వచ్చి గుండీ పెట్టి, "ఇదీ చేతకాదు," అని లోపలికి వెళ్ళింది.

"వంట చేస్తూ కూడా ఇదే పాట," అన్నాడు బాబాయ్ మెల్లగా. "పక్కింటావిడ అడిగినా ఇదే చెప్తుంది. 'మా ఆయన చూసుకోకుండా చెయ్యి పెట్టాడండీ' అని. పోన్లే. నీ క్లాసు ఎలా జరుగుతోంది? ఏం చెప్పారు?"

"పర్మిట్ గురించి చెప్పారు."

"ఓహో. ఇంకా?"

"టెస్టరు..." సూపరమ్మ ఆయన చేతి కట్టుకేసి చూసింది. "ముందు కరెంటున్న చోట పెట్టి టెస్టరు పనిచేస్తోందో లేదో చూసుకోవాలట."

"చూసుకున్నాక లేని చోట పెట్టాలి. పెట్టాక మళ్ళీ ఉన్న చోట పెట్టాలి. మధ్యలో టెస్టరే చచ్చిపోయిందేమో తెలియాలి కదా. పరీక్షలో అడుగుతారు, మూడోది మర్చిపోకు. అందరూ మర్చిపోయేది అదే." ఆయన ముఖంలో అప్పటిదాకా లేని వెలుగు వచ్చింది. అంతలోనే ఆరిపోయింది. "నేను మూడుసార్లూ పెట్టానమ్మా. ఎవరూ నమ్మరు గానీ, పెట్టాను."

ఇదే సమయం. ఇప్పుడు చెప్పాలి. సూపరమ్మ నోరు తెరిచింది. లోపలి నుంచి పిన్ని గొంతు వినపడింది, "మూడుసార్లు పెడితే మరి చెయ్యెందుకు కాలిందండీ?" అని. బాబాయ్ తల గోడవైపు తిప్పుకున్నాడు.

చెప్తే ఏమవుతుందో సూపరమ్మకి తెలుసు. ఈ చెయ్యి కాల్చింది నువ్వా అంటారు. ఉద్యోగం ఊడుతుంది, పదకొండేళ్ళు నిలబడిన కష్టం పోతుంది. చెప్పకపోతే సోమవారం నాడు ఈ మనిషి 'నా అజాగ్రత్తే' అని సంతకం పెడతాడు. పెట్టి, మిగిలిన బతుకంతా ఆ మాటలు పడుతూ ఈ మంచం మీద కూర్చుంటాడు. అడకత్తెరలో ఇరుక్కున్న పోకచెక్కలా అయింది ఆమె పని.

"వస్తాను బాబాయ్," అంది. వచ్చిన మూడు మాటలూ గొంతులోనే పెట్టుకుని వెళ్ళిపోయింది.

*

మూడో రోజు పరీక్ష. గది మెట్లెక్కుతుంటే మేనేజరు దగ్గర్నుంచి ఫోను.

"బాగా రాయండి. సోమవారం అధికారిగారు మీ సర్టిఫికెట్ అడుగుతారు. దాని మీద తారీఖు మేం వేసుకుంటాం, మాస్టారికి చెప్పేశాం. రెండు నెలల కిందటే మీకు శిక్షణ అయిపోయినట్టు. అర్థమైందిగా? ఫైలు మూసేస్తే అందరికీ మంచిది. ఆ ఎలక్ట్రీషియన్‌కి కూడా ఏదో ఒకటి చేద్దాం తర్వాత."

"సరే సార్," అంది. నోరు అలవాటుగా అనేసింది. ఫోను పెట్టాక తన నోటి మీద తనకే ఒళ్ళు మండింది.

ప్రశ్నలు తేలికే. మూడుసార్లు పెట్టే టెస్టరు గురించి రాసింది. పర్మిట్‌లో ఏమేం ఉండాలో రాసింది. కాంటీనన్న ఆమె కాగితంలోకి తొంగి చూసి ఎక్కించుకుంటుంటే, చెయ్యి అడ్డం పెట్టకుండా కాస్త జరిగింది కూడా. చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

'మీరు పనిచేసే చోట ఒక యంత్రాన్ని తీసుకుని, దానికి కరెంటు వచ్చే దారులన్నీ బొమ్మ గీసి చూపండి. ఒక్కొక్క దారినీ ఎలా ఆపుతారో రాయండి.'

మిక్సీ గీసేసినా మార్కులొస్తాయి. కాంటీనన్న నిజంగానే గ్రైండరు గీస్తున్నాడు, దానికి చక్రాలు కూడా పెడుతున్నాడు. సూపరమ్మ నలభై నిమిషాలు ఖాళీ కాగితాన్ని చూస్తూ కూర్చుంది. ఖాళీ కాగితాలు ఆమెకి కొత్త కాదు. ఎన్నిటి మీద సంతకం పెట్టిందో లెక్కే లేదు. ఒక్కదాని మీద కూడా తనంతట తాను ఏమీ రాసి ఎరగదు.

స్కేలు తీసుకుంది. నాలుగో నంబరు డ్రయ్యరు పెట్టె గీసింది. మెయిన్ నుంచి వచ్చే దారి గీసింది. ఇస్త్రీ గది బోర్డు నుంచి వచ్చే దారి గీసింది. దాని పక్కన చిన్నగా రాయడం మొదలుపెట్టింది:

'ఈ రెండో దారి రెండు నెలల కిందట వేశారు. నేను దగ్గరుండి వేయించాను. మా ఎలక్ట్రీషియన్ ఆ రోజు సెలవులో ఉన్నారు. వచ్చాక నేను చెప్పలేదు. చెప్పాలని నాకు తెలియదు. పర్మిట్ కాగితం ఖాళీగా ఉన్నప్పుడే దానిమీద నేను సంతకం పెట్టాను. ఆయన మెయిన్ ఆపారు, టెస్టరు పెట్టారు. ఆయనకి తెలిసిన దారిలో కరెంటు లేదు. జరిగిన తప్పేమిటో నాకు నిన్న, ఈ గదిలో తెలిసింది.'

కింద ఆ రోజు తారీఖు వేసింది. ఎవరూ వెయ్యమనలేదు. కాగితం ఇచ్చేసి వచ్చి వరండాలో నిలబడింది.

కాసేపటికి మాస్టారు బయటికి వచ్చాడు. ఆమె ఎడమవైపుకి వస్తుందేమోనని తనే తిరిగి, పనిచేసే చెవి ఆమెవైపు పెట్టాడు.

"ఇది మీరు కావాలనే రాశారా?"

"అవును మాస్టారూ."

"వేరే కాగితం ఇస్తాను. ఏ ఇస్త్రీ పెట్టెనో గీసి ఇచ్చెయ్యండి. ఎవరికీ తెలీదు."

"అందులో తప్పేమైనా ఉందా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు. ఆ మనిషి అబద్ధం చెప్పలేడు, అదే ఆయన చిక్కు. "ఒక తప్పుంది. ఇస్త్రీ గది స్విచ్చు ఆపాక దానికి తాళం వెయ్యాలి, తాళం చెవి పనిచేసేవాడి జేబులో ఉండాలి. మీరు 'ఆపాలి' అని వదిలేశారు. రెండు మార్కులు పోతాయి."

"తియ్యండి."

మాస్టారు వరండా గోడకి ఆనుకుని వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. కింద దుకాణంవాడు ఎవరికో పసుపు రంగు కలుపుతున్నాడు. "వచ్చే నెల మీ కంపెనీ నుంచే ఇంకో రెండు బ్యాచ్‌లు పంపుతామన్నారు," అన్నాడు. ఆయన ఇంకాసేపు చూశాడు. "పంపరులెండి ఇక," అని లోపలికి వెళ్ళాడు. కవరుతో బయటికి వచ్చాడు. సర్టిఫికెట్, దిద్దిన పరీక్ష కాగితం నకలు అందులో ఉన్నాయి. రెండిటి మీదా ఆ రోజు తారీఖు ఉంది.

"మీ చేత్తోనే ఇవ్వండి. ఎవరికిస్తారో మీ ఇష్టం."

*

సోమవారం మేనేజరు ఆమెని తన గది గుమ్మం దగ్గరే ఆపాడు. కవరు విప్పి చూసి, నెత్తిన పిడుగు పడినట్టు నిలబడిపోయాడు. గబగబా మూసి మళ్ళీ ఆమె చేతిలోనే కుక్కాడు.

"ఇది లోపల దాచండి. సర్టిఫికెట్ ఇంకా రాలేదని నేను చెప్తాను. మీరు నోరు విప్పకండి. విప్పారో, ముందు పోయేది మీరే. అర్థమైందా?"

లోపల తనిఖీ అధికారి కూర్చుని ఉంది. పెద్ద వయసావిడ, కాగితాలు తిప్పేటప్పుడు వేలు తడి చేసుకోని మనిషి. ఎదురుగా బాబాయ్. పక్కన గుమాస్తా టైపు చేసిన ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. 'నా అజాగ్రత్త వల్లనే ప్రమాదం జరిగినది.'

"ఎడమచేత్తో పెట్టినా చెల్లుతుంది," అన్నాడు మేనేజరు.

బాబాయ్ పెన్ను తీసుకున్నాడు. ఎడమచేతి వేళ్ళ మధ్య అది నిలవలేదు. మూడు వేళ్ళతో గట్టిగా పట్టుకుని, కాగితం జారిపోకుండా కట్టుకట్టిన చెయ్యి దానిమీద ఆనించి, నొప్పికి పళ్ళు బిగించి, పేరులో మొదటి అక్షరం మొదలుపెట్టాడు. అక్షరం వంకరపోయింది. ముప్ఫయ్యేళ్ళు సన్నటి తీగల్ని వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించిన మనిషి, తను చెయ్యని తప్పు కింద పేరు రాయలేక అవస్థపడుతున్నాడు. రెండో అక్షరం మొదలుపెట్టాడు.

సూపరమ్మకి ఇక చూడడం వల్ల కాలేదు.

"ఆగు బాబాయ్!" అంది. గది అదిరిపోయేలా అరిచానని ఆమెకి అరిచాక తెలిసింది. కవరు తీసుకెళ్ళి అధికారి ముందు పెట్టింది. "మేడమ్, ఆయన తప్పు కాదు. ఆ పెట్టెకి రెండో దారి ఉంది. నాకు తెలుసు, ఆయనకి తెలీదు. నేను చెప్పలేదు. అన్నీ ఇందులో రాశాను."

మేనేజరు ముఖం జేవురించింది. అధికారి నింపాదిగా చదివింది. రెండుసార్లు చదివింది. తర్వాత బాబాయ్‌ని అడిగింది. "ఈ రెండో తీగ సంగతి మీకు తెలీదా?"

బాబాయ్ పెన్ను కింద పెట్టాడు. సూపరమ్మ ఆయన్నే చూస్తోంది, ఏం తిడతాడో అని.

"చెయ్యి అంటుకున్నప్పుడు తెలిసిందండీ," అన్నాడు. "ఫ్యాను తీగ పక్కగది నుంచి లాగారని ఆ క్షణమే తెలిసిపోయింది."

"మరి విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే పర్మిట్ సంగతి వస్తుంది. ఖాళీ కాగితాల మీద ఈ అమ్మాయి చేత సంతకాలు పెట్టించుకున్నది నేనే. రెండేళ్ళుగా." ఆయన సూపరమ్మవైపు చూడలేదు. "ఒకసారి అడిగింది పాపం, ఇందులో ఏముంటుంది బాబాయ్, నాకూ చెప్పవా అని. మీకెందుకమ్మా అన్నాను. నేర్పితే ప్రతిదానికీ వచ్చి నిలబడుతుంది, ఎందుకు ఏమిటి అని అడుగుతుంది, పని సాగదు అనుకున్నాను. తెలియని సూపర్‌వైజరైతేనే నాకు హాయిగా ఉండింది. ఆ రోజు ఒక్క మాట నేర్పి ఉంటే, ఫ్యాను తీగ సంగతి ఈ అమ్మాయే పరిగెత్తుకొచ్చి చెప్పేది."

నాలుగు రోజులుగా మోస్తున్న తప్పులో సగం ఆయన చేతుల్లో ఉందని సూపరమ్మకి కలలో కూడా తోచలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియక నిలబడింది.

"చూశారా మేడమ్, ఇద్దరూ ఒప్పుకున్నారు," అన్నాడు మేనేజరు ఆత్రంగా.

"చూశాను. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడోవాళ్ళ సంగతే తేలాలి." అధికారి సర్టిఫికెట్ మీది తారీఖు కింద వేలు పెట్టింది. "రెండేళ్ళు పర్మిట్‌లు ఇచ్చిన మనిషికి శిక్షణ మొన్న శుక్రవారం ఇచ్చారు. ప్రమాదం జరిగి నెల కావస్తోంది. కూర్చోండి, మొదటినుంచి రాసుకుందాం."

మేనేజరు నీళ్ళు నమిలాడు.

*

సాయంత్రానికి తేలిందిది. బాబాయ్ మీది నింద తీసేశారు, చెయ్యి బాగయ్యాక పనిలోకి రావచ్చు. డ్రయ్యరు గదికి తాళం పడింది. సూపరమ్మని సూపర్‌వైజరు పని నుంచి తీసేసి మడతల బల్లకి పంపారు. ఆ కుర్చీ కాంటీనన్నకి ఇచ్చారు. చూసి రాసినా ఆయనకి తొంభై వచ్చాయి మరి.

గేటు దగ్గర బాబాయ్ ఆగి ఉన్నాడు.

"ఇంటికి రా," అన్నాడు. "మీ పిన్నికి నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మదు."

పిన్ని బియ్యం ఏరుతోంది. సూపరమ్మ గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పింది. ఫ్యాను, నిచ్చెన, పక్కగది తీగ, ఖాళీ కాగితాలు. ఏదీ దాచలేదు. పిన్ని చేట పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది.

"అయితే ఈయన టెస్టరు పెట్టే చూశాడా?"

"మూడుసార్లు పెట్టారు పిన్నీ. ఆయనకి తెలిసిన దారిలో కరెంటు లేదని తేలాకే చెయ్యి పెట్టారు."

"పరధ్యానం కాదా?"

"కాదు."

పిన్ని మొగుడివైపు చూసింది. ఆయన చెప్పులు విడుస్తున్నాడు, తల ఎత్తలేదు. ఆమె గొంతు ఎప్పటిలా పైకి లేస్తుందనుకుంది సూపరమ్మ. లేవలేదు. ఎవరో గొంతు నొక్కినట్టు చిన్నగా వచ్చింది.

"నెలరోజులే! పొద్దున లేచింది మొదలు అన్నాను. తినిపిస్తూ అన్నాను. ఇంటికొచ్చినవాళ్ళ ముందు అన్నాను. ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు ఈయన. ఇప్పుడొచ్చి చెప్తున్నావు. అన్న మాటలన్నీ ఇప్పుడు ఎక్కడ దాచుకోనే నేను?"

మేనేజరు ముందు, అధికారి ముందు సూపరమ్మకి వచ్చిన ధైర్యం ఇక్కడ ఎందుకూ కొరగాలేదు. గురువారమే, ఇదే గుమ్మంలో, మూడు మాటలు చెప్పి ఉంటే నాలుగు రోజుల మాటలైనా తగ్గేవి కదా అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోనివ్వవే," అన్నాడు బాబాయ్.

"మీరు ఊరుకోండి! మీరూ తక్కువవాళ్ళు కాదు. నాకైనా చెప్పకూడదూ?" పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుంది. లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది. సూపరమ్మ వెళ్ళిపోదామా ఉందామా తెలియక, వెళ్ళడానికి కాళ్ళు రాక, గుమ్మంలోనే కూలబడింది. ముగ్గురిలో ఎవరూ దీపం వెయ్యడానికి లేవలేదు.